దిద్దు దొరికింది సరే... వెతకడం వయసును బట్టి ఉంటుందా, మనిషి తీరును బట్టి ఉంటుందా?

సీల_పోయింది

నిన్న ఆదివారం మా ఇంట్లో జరిగిన గొడవ ఇది. తీర్పు మీరే చెప్పాలి.

తలస్నానం చేసి జుట్టు తుడుచుకుంటుంటే తువ్వాలు తగిలి ఎడమ చెవి దిద్దు ఊడిపోయింది. పెళ్ళికి మా అమ్మ పెట్టిన ఏడురాళ్ళ దిద్దు. దిద్దు ఒకవైపు, సీల ఒకవైపు ఎగిరిపడ్డాయి. గది చిన్నదే. కానీ నేలంతా తెల్ల టైల్స్, వాటి మీద గోధుమరంగు చుక్కలు. కొన్న రోజున ఎంత బాగున్నాయో అనుకున్నాను, నిన్న వాటిని తిట్టినన్ని తిట్లు ఎవరినీ తిట్టలేదు.

ముందు మా ఆయన (48) వచ్చారు. గుమ్మంలో నిలబడి గదంతా ఒకసారి కలియజూసి "ఇక్కడ లేదు, బాత్రూంలో చూడు" అని వెళ్ళిపోయారు. మొత్తం పదిహేను సెకన్లు. తర్వాత మా వాడు (15) ఫోన్ టార్చి వేసి అటూ ఇటూ రెండు నిమిషాలు తిప్పి, విసుగొచ్చి మంచం మీద కూలబడ్డాడు. నేను (43) దుప్పట్లు దులిపాను, మడతపెట్టిన బట్టలు కూడా దులిపాను. కంగారులో చూసిన చోటే మళ్ళీ చూస్తున్నానని నాకే తెలుస్తోంది. అయినా ఆగలేకపోయాను.

ఆఖరికి మా అత్తయ్య (71, పోయినేడాది రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది) వచ్చి "లైటు తీసెయ్యండి" అన్నారు. కర్టెన్లు వేయించారు. టార్చిని నేల మీద పడుకోబెట్టించి మెల్లగా మూల నుంచి మూలకి జరిపించారు. గది మధ్యలో అసలు చూడనే లేదు. మంచం కోళ్ళు, పట్టా అంచు, బీరువా కింద, అంతే. పట్టా అంచున సీల నీడ అగ్గిపుల్లంత పొడుగు పడింది! ఇంకో ఐదు నిమిషాలకి బీరువా కిందకి దూరిన మా వాడు "నానమ్మా, ఆరు చుక్కలు మెరుస్తున్నాయ్" అని అరిచాడు. అదే దిద్దు.

ఇక అక్కడి నుంచి పంచాయితీ. "అమ్మకి తీరిక ఉంది, దొరికింది" అంటారు మా ఆయన. నేనేమో అది ఓపిక, మనిషి తీరు అంటాను. మా వాడు "నా కళ్ళు మీ అందరికన్నా షార్ప్, నాకే దొరకాల్సింది, లక్కు లేదంతే" అంటాడు. ఇంతకీ వెతకడం కళ్ళ పనా, వయసు పనా, స్వభావమా?

లేటు_లతీఫ్

మీ ఆయనా నేనూ ఒకే బళ్ళో చదివినట్టున్నాం. గుమ్మంలోంచే "లేదు" అని తేల్చెయ్యడం కూడా ఒక విద్యేనండీ.

పప్పుచారు

మా ఇంట్లో ఆ విద్యలో పీహెచ్‌డీ చేసినాయన ఉన్నారు. ఫ్రిజ్ తలుపు తీసి, పెరుగు గిన్నెకి ఎదురుగా నిలబడి, "పెరుగు అయిపోయిందా?" అని అడుగుతారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అనే సామెత మగాళ్ళని చూసే పుట్టి ఉంటుంది.

లేటు_లతీఫ్

చంకలో పిల్లను ఎత్తుకు తిరిగేది ఎవరో ఒకసారి ఆలోచించండి పప్పుచారు గారూ 🙏

పప్పుచారు

😐

మనసు_ల్యాబ్

నా చదువు ఈ విషయం మీదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు గుమ్మంలోంచే వెళ్ళిపోవచ్చు.

వెతకడం అంటే ఒకే పని కాదు. పచ్చిమిరపకాయల గుట్టలో ఒక్క పండు టమాటా ఉందనుకోండి. దాన్ని వెతకనే అక్కర్లేదు, అదే వచ్చి కంట్లో పడుతుంది. గుట్టలో పది కాయలున్నా వంద ఉన్నా పట్టే సమయం దాదాపు ఒకటే. ఇప్పుడు ఆ గుట్టలో పండుమిర్చి, పచ్చి టమాటాలు కలిపేయండి. మీకు కావలసింది మాత్రం పండు టమాటా. ఎరుపు చూస్తే పండుమిర్చీ ఎరుపే, గుండ్రం చూస్తే పచ్చి టమాటా కూడా గుండ్రమే. రెండు గుణాలూ ఒకే కాయలో కలవాలి. అప్పుడు కాయ కాయా దాటుకుంటూ పోవాల్సిందే, గుట్ట పెరిగితే సమయమూ పెరుగుతుంది. ఈ తేడాని యాన్ ట్రీస్‌మన్, గ్యారీ గెలేడ్ 1980లో సిద్ధాంతంగా పెట్టారు. తర్వాత దానికి చాలా సవరణలు వచ్చాయి గానీ, ఇప్పటికీ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇందులో వయసు దెబ్బ ఎక్కువగా తగిలేది రెండో రకానికి. మొదటి రకంలో పెద్దవాళ్ళు కుర్రాళ్ళకి పెద్దగా తీసిపోరని 1989 నాటికే తేలింది. 2004లో హొమెల్, మరో ఇద్దరు కలిసి 6 ఏళ్ళ పిల్లల నుంచి 89 ఏళ్ళ పెద్దల దాకా ఇలాంటి పరీక్షే పెట్టారు. రెండు చివర్లా నెమ్మది, మధ్య వయసులో వేగం. గ్రాఫు గీస్తే గిన్నెలా ఉంటుంది.

మీ అత్తయ్యగారు చేసిన పని చూశారా? మచ్చల టైల్స్ మీద సీల వెతకడం రెండో రకం పని. ఆవిడ లైటు తీయించి, టార్చి పడుకోబెట్టి, దాన్ని మొదటి రకం చేసేశారు. చదునైన నేల మీద నీడ పడేది ఎత్తుగా ఉన్న వస్తువుకే. టైల్ మీద మచ్చకి నీడ ఉండదు కదా.

సీల_పోయింది

ఈ పోస్టు అత్తయ్యకి చదివి వినిపించాను. "ఇందులో సిద్ధాంతం ఏముందే, మా ఊళ్ళో కరెంటు లేనప్పుడు లాంతరు కిందపెట్టి ఇలాగే వెతికేవాళ్ళం" అన్నారు.

జాతకాలు_వద్దు

ఒక్క నిమిషం. ల్యాబు లెక్కన 71 ఏళ్ళావిడ నెమ్మది, 15 ఏళ్ళ కుర్రాడు వేగం. ఇంట్లో జరిగింది దానికి పూర్తి వ్యతిరేకం. స్క్రీన్ ముందు కూర్చుని బటన్ నొక్కే వేగాన్ని కొలిచి, దానికి "వెతకడం" అని పేరు పెడితే ఎలా?

మనసు_ల్యాబ్

@జాతకాలు_వద్దు, సగం ఒప్పుకుంటాను. వేగం వేరు, దొరకడం వేరు. ఆ నెమ్మదిలో కొంత కళ్ళది, మెదడుది. కొంత మాత్రం జాగ్రత్తది. అమెరికాలో రోజర్ ర్యాట్‌క్లిఫ్ బృందం ఏళ్ళ తరబడి చూపించింది అదే. పెద్దవాళ్ళు జవాబు చెప్పే ముందు ఇంకొంచెం ఆధారం కోసం ఆగుతారు, తప్పు చెప్పడం వాళ్ళకి ఇష్టం ఉండదు. "ఉంది" అనడానికన్నా "లేదు" అనడానికే ఎక్కువసేపు తీసుకుంటారు. ఇంట్లో పోయిన వస్తువు విషయంలో ఆ గుణమే పనికొస్తుంది. "లేదు" అని పదిహేను సెకన్లలో తేల్చిన మనిషి వేగంలో ఫస్టు, దొరకడంలో సున్నా.

ఇంకోటి. అలవాటైన చోటు ఎలా ఉంటుందో మెదడు మనకి తెలియకుండానే గుర్తుపెట్టుకుంటుంది. ఒకే అమరిక పదే పదే కనిపిస్తే అందులో వెతకడం వేగమవుతుందని 1998లో చన్, జియాంగ్ చూపించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఈ శక్తి తగ్గినట్టు కనిపించలేదు. ఆ గదిని ఎక్కువసార్లు ఊడ్చింది ఎవరు?

సీల_పోయింది

అత్తయ్యే. మోకాళ్ళ నొప్పులు వచ్చేదాకా చీపురు ఎవరికీ ఇచ్చేవారు కాదు. "పడ్డది ఏదైనా దొర్లి అంచుకే చేరుతుంది" అని చీపురు నేర్పిన లెక్క.

అద్దాల_షాపు

చదువులు సరే, ముందు కళ్ళ సంగతి చూడండి. నలభై దాటితే చత్వారం వస్తుందని అందరికీ తెలుసు, దగ్గరివి మసకబారతాయి. ఎవరూ చెప్పుకోనిది వెలుతురు సంగతి. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పచ్చబడుతుంది. అరవై ఏళ్ళ కంట్లోకి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంట్లోకి చేరేదాంట్లో సుమారు మూడో వంతు. మా షాపుకొచ్చి "ఈ అద్దాలతో అన్నం ప్లేటులో కరివేపాకు కూడా తెలీట్లేదు" అనేవాళ్ళలో సగం మందికి మార్చాల్సింది పవర్ కాదు, వంటింట్లో బల్బు.

@సీల_పోయింది, మీ అత్తయ్యగారి కేసులో ఒక మెలిక ఉంది. శుక్లాల ఆపరేషన్‌లో పచ్చబడ్డ కటకం తీసేసి కొత్త లెన్సు పెడతారు. ఆ ఒక్క లెక్కలో ఆవిడ కళ్ళు మీ కన్నా తేటగా ఉండొచ్చు. ఆపరేషన్ అయినవాళ్ళు మొదటివారం "నీలాలన్నీ ఇంత నీలంగా ఉన్నాయేంటి" అని అడుగుతుంటారు.

సీల_పోయింది

అయ్యో, నిజమే! కట్టు విప్పిన రోజే "ఈ చీర నల్లదనుకున్నానే, నీలమా" అన్నారు. మేం నవ్వుకున్నాం.

రిటైర్డ్_మాస్టారు

నాకు 74. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను, ఇప్పుడు తెలిసినవాళ్ళ పుస్తకాలకి ప్రూఫులు దిద్దుతాను. వత్తు తప్పితే పేజీ తిప్పుతుండగానే ముల్లులా గుచ్చుకుంటుంది. అదే నేను, కళ్ళజోడు కోసం రోజూ అరగంట వెతుకుతాను. మొన్న మా మనవరాలు ఏమీ మాట్లాడకుండా వచ్చి నా నెత్తి మీద నుంచి తీసి చేతిలో పెట్టింది. ఒకే మనిషి, ఒకే వయసు, ఒకే కళ్ళు. దీన్ని ఏ లెక్కలో వేస్తారు?

మనసు_ల్యాబ్

అనుభవం లెక్కలో మాస్టారూ. వత్తులు ఎక్కడ తప్పుతాయో మీ కంటికి ముందే తెలుసు. కళ్ళజోడు రోజుకో చోట ఉంటుంది, దానికి వ్యాకరణం లేదు.

డల్లాస్_దోసె

మాస్టారి పోస్టుకి లైకు కొట్టే బటన్ కోసం వెతికి వెతికి దొరక్క ఇక్కడ రాస్తున్నా.

కిరాణా_కొట్టు

నాకో అనుమానం చాన్నాళ్ళుగా ఉంది. మా నాన్న కొట్టు నడిపే రోజుల్లో బియ్యంలో రాళ్ళు, వడ్లగింజలు దండిగా ఉండేవి. ఆడవాళ్ళు చేటలో పోసి చెరిగి, ఏరి, రాయి లేకుండా వండేవాళ్ళు. ఇప్పుడు అంతా సార్టెక్స్ బియ్యం, మిషనే ఏరేస్తుంది. బస్తా మొత్తానికి ఒక రాయి ఉంటే గొప్ప. కానీ "మీ బియ్యంలో రాయి వచ్చి పన్ను కదిలింది" అని గొడవకొచ్చేవాళ్ళు మాత్రం ఇప్పుడే ఉన్నారు. అప్పట్లో ఒక్కరూ రాలేదు. ఎందుకని?

పప్పుచారు

ఇప్పుడు ఎవరు ఏరుతున్నారండీ? కొలిచి, కడిగి, కుక్కర్లో పడేస్తాం.

కిరాణా_కొట్టు

మా ఇంట్లో ఏరతారమ్మా. అయినా వచ్చింది. గొడవ నాతోనే 😄

మనసు_ల్యాబ్

@కిరాణా_కొట్టు, ఈ థ్రెడ్డులో ఇప్పటిదాకా వచ్చినవాటిలో మంచి ప్రశ్న మీదే. అరుదైనదాన్ని మనిషి కన్ను వదిలేస్తుంది. జెరెమీ వుల్ఫ్, ఆయన తోటివాళ్ళు 2005లో దీన్ని కొలిచారు. విమానాశ్రయంలో బ్యాగుల తనిఖీలాంటి పరీక్ష. వెతికే వస్తువు సగం చిత్రాల్లో ఉన్నప్పుడు 7 శాతం సార్లు వదిలేశారు. అదే వస్తువు వంద చిత్రాల్లో ఒక్కదాంట్లో మాత్రమే ఉంటే 30 శాతం వదిలేశారు. మనుషులు, కళ్ళు అవే. వరసగా "లేదు, లేదు, లేదు" అని చెప్పి చెప్పి ఎంత త్వరగా ఆపెయ్యాలో మెదడు సర్దుకుంటుంది. మీ నాన్నగారి రోజుల్లో చేటలో పిడికెడుకి రెండు రాళ్ళు దొరికేవి కాబట్టి వేలు ఆగేది కాదు. ఇప్పుడు చేట మొత్తం చూసినా ఏమీ దొరకదు కాబట్టి రెండో చేటకే చూపు జారిపోతుంది.

డల్లాస్_దోసె

ఆ బ్యాగులు తనిఖీ చేసే ఫోన్ గేమ్ ఒకటి నేను తెగ ఆడాను. దాన్నుంచి వచ్చిన డేటా మీద మిట్రాఫ్, బిగ్స్ 2014లో వ్యాసం రాశారని తర్వాత తెలిసింది. వెయ్యింటికి ఒకటో అర్దో వచ్చే వస్తువుల్ని ఆటగాళ్ళు మూడింట ఒక వంతు కూడా పట్టలేదు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. మా అమ్మ మాగాయ డబ్బాని మాత్రం ఇక్కడి ఎయిర్‌పోర్టులో ఎప్పుడూ పట్టేస్తారు, అది అరుదు కాదన్నమాట.

ఎక్స్‌రే_చీకటిగది

రేడియాలజీలో పని చేస్తాను. పైన రాసినవన్నీ మాకు రోజువారీ భయాలే.

2013లో డ్రూ, వో, వుల్ఫ్ అనే ముగ్గురు మాలాంటి వాళ్ళ మీద ఒక ఆట ఆడారు. ఊపిరితిత్తుల సీటీ స్కానుల్లో చిన్న గడ్డలు వెతకమన్నారు. ఒక కేసులో గొరిల్లా బొమ్మ అతికించారు. మామూలు గడ్డకి 48 రెట్లు పెద్దది. 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మందికి అది కనపడలేదు. కళ్ళు ఎటు తిరిగాయో పరికరంతో చూస్తే, వాళ్ళలో చాలామంది చూపు సరిగ్గా గొరిల్లా ఉన్న చోటే ఆగింది. చూశారు, కనపడలేదు. గడ్డల కోసం చూస్తున్న కంటికి గొరిల్లా ఎందుకు కనపడుతుంది?

ఇంకో రోగం మాకు ఉంది. ఒకటి దొరకగానే మనసు తృప్తిపడి, రెండోదాని కోసం చూపు ఆగిపోవడం. విరిగిన పక్కటెముక కనపడగానే "హమ్మయ్య" అనుకుంటే, పక్కనే ఉన్న చిన్న మచ్చ జారిపోతుంది. అందుకే నాకు నేర్పినాయన, ముఖ్యమైనది దొరికిన ఫిల్మునే మళ్ళీ మొదటి నుంచి చూడమనేవారు. ఏమీ దొరకని ఫిల్ముకన్నా అదే ప్రమాదం అనేవారు.

ఊరికే_చూస్తున్నా

ఏడురాళ్ళ దిద్దు అన్నారు. మీ అబ్బాయి ఆరు చుక్కలు అన్నాడు.

లేటు_లతీఫ్

...

పప్పుచారు

అమ్మ బాబోయ్. పైకెళ్ళి మళ్ళీ చదివాను. నిజమే!! ఇంతమందిమి చదివాం కదా.

ఎక్స్‌రే_చీకటిగది

నేను రెండుసార్లు చదివాను. పైగా ఇప్పుడే పెద్ద ఉపన్యాసం ఇచ్చాను 🙈

సీల_పోయింది

ఉండండి, తీసి చూసి చెప్తాను.

సీల_పోయింది

మధ్యలో ఒకటి, చుట్టూ ఐదు. చుట్టూ ఆరు ఉండాలి. కింది వైపు ఒక గుంట ఖాళీ. దిద్దు దొరికిందన్న సంబరంలో నిన్నే మళ్ళీ చెవికి పెట్టేసుకున్నాను, అద్దంలో చూసుకున్నాను కూడా. కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.

జాతకాలు_వద్దు

టెన్షన్ పడకండి. గది ఊడ్చారా?

సీల_పోయింది

పొద్దున్నే ఊడ్చాం, చెత్తబండికి వేసేశాం 😭

మనసు_ల్యాబ్

మిగతా గది ఉంది కదా, ఒక పద్ధతి చెప్తాను. అబర్డీన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో ఒక పరీక్ష చేశారు. స్క్రీన్‌లో ఒక సగం గీతలన్నీ ఒకే తీరుగా సర్ది ఉంటాయి, రెండో సగం చిందరవందరగా ఉంటాయి. సర్దిన సగంలో వేరేగా ఉన్న గీత ఉంటే ఓరచూపుకే తెలిసిపోతుంది. కాబట్టి తెలివైన పని, చూపంతా చిందరవందర సగానికే పెట్టడం. జనం ఏం చేశారంటే, సర్దిన సగం వైపు కూడా బోలెడు చూపులు వృథా చేశారు. మనిషికీ మనిషికీ తేడా మాత్రం విపరీతంగా ఉంది. కొందరు దాదాపు ఆదర్శంగా వెతికారు, కొందరు గుడ్డిగా చూపులు విసిరినవాళ్ళకన్నా నెమ్మది. అందుకని శుభ్రంగా ఉన్న నేల వదిలేసి బట్టల కుప్ప, పట్టా కుచ్చులు, చెప్పుల స్టాండు చూడండి.

చెయ్యి చాచి బొటనవేలు గోరు చూసుకోండి. స్పష్టంగా కనపడే మేర సుమారు అంతే, రెండు డిగ్రీలు. మిగతాదంతా మసక. కన్ను సెకనుకి మూడు నాలుగుసార్లు దూకుతూ ఆ గోరంత కిటికీని జరుపుతుంది. గుమ్మంలోంచి పదిహేను సెకన్లు చూస్తే గదిలో ఎన్ని గోళ్ళు చూసినట్టో లెక్క వేసుకోండి.

లేటు_లతీఫ్

మళ్ళీ గుమ్మం దగ్గరికే వచ్చారు. మా జాతిని వదిలేయండి సార్.

ఓఆర్ఆర్_డ్రైవర్

నాకు 57 అన్నా, ఇరవై ఆరేళ్ళ నుంచి క్యాబ్ నడుపుతున్న. బొటనవేలు ముచ్చట మంచిగ చెప్పిన్రు. మొదట్ల సిగ్నల్ కాడ ముందు చూసుకుంటనే పక్క సందుల నుంచి వచ్చే ఆటో తెలిసిపోయేది. ఇప్పుడు తల తిప్పి చూస్తే తప్ప తెలుస్తలేదు. కండ్ల డాక్టరేమో చార్టు చదివిచ్చి చూపు బాగుందన్నడు. మరి ఇదేంది?

అద్దాల_షాపు

చార్టు చెప్పేది ఆ గోరంత కిటికీ సంగతే అన్నా. ఒక్క చూపులో, తల తిప్పకుండా ఎంత మేర నుంచి సమాచారం అందుకుంటామో అది వేరే లెక్క. వయసుతో ఆ మేర తగ్గుతుంది, రోడ్డు మీద గందరగోళం ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. అమెరికాలో కార్లీన్ బాల్ బృందం దీన్ని కొలిచే పరీక్ష తయారు చేసింది, పెద్ద వయసు డ్రైవర్ల ప్రమాదాలతో దీనికి సంబంధం ఉందని కూడా తేల్చారు. మీరు తల తిప్పి చూడటం మొదలుపెట్టారు, అదే సరైన మందు.

ఓఆర్ఆర్_డ్రైవర్

సరే అన్నా. మా క్లీనర్ పోరనికి ఇరవై రెండేండ్లు, వాడు పక్క సందు మంచిగ చూస్తడు. ఎదురుంగ ఉన్న స్పీడ్ బ్రేకర్ కనవడదు వానికి.

పప్పుచారు

వయసు సంగతి తేలింది. స్వభావం మాటేంటి? ఈవిడ అసలు ప్రశ్న అదే కదా. నెమ్మదస్తులు బాగా వెతుకుతారా?

జాతకాలు_వద్దు

ఇదిగో, దీని కోసమే కాచుకున్నా. స్వభావం అనగానే జాతకం మొదలవుతుంది. "మీది వృశ్చికమా, అందుకే పెరుగు గిన్నె కనపడలేదు" అంటారు. నెమ్మదిగా వెతికినవాడికి దొరికితే ఓపిక అంటాం, దొరక్కపోతే బద్ధకం అంటాం. పేరు పెట్టేది ఫలితం చూశాకే.

మనసు_ల్యాబ్

@జాతకాలు_వద్దు, ఇందులో మీ వైపే ఎక్కువ ఉన్నాను. కథ పాతది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ ముందు గంటల తరబడి కూర్చునే సైనికులు చుక్కలు వదిలేస్తుంటే, నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం పరీక్ష పెట్టాడు. ముల్లు ఒక్కో అడుగు వేస్తూ పోతుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. దాన్ని పట్టాలి, రెండు గంటల పాటు. మొదటి అరగంటలోనే పట్టు సడలిపోయిందని 1948లో రాశాడు. అప్పటి నుంచి "ఇలాంటి కాపలా పనికి అంతర్ముఖులు మేలు, నలుగురిలో తిరిగేవాళ్ళు త్వరగా విసుగెత్తిపోతారు" అని నమ్మకం పెరిగింది. 1992లో కూలెగా అనే ఆయన ముప్పై ఏళ్ళ పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానికొకటి పొంతన లేదు. అంతర్ముఖులకి కొంచెం మొగ్గు ఉంది గానీ, అనుకున్నంత కాదు.

నా మటుకు నాకు తోచేది ఒకటి. స్వభావం కంటి చూపుని మార్చదు, ఎప్పుడు ఆపాలో నిర్ణయిస్తుంది. వస్తువు పోయిన మనిషి ఆలస్యంగా ఆపుతుంది, పోనివాడు గుమ్మంలోనే ఆపుతాడు. అది స్వభావమా, దిద్దు ఎవరిదన్న సంగతా? ఆయన బైకు తాళం పోయినప్పుడు ఎంతసేపు వెతుకుతారో చూసి చెప్పండి.

సీల_పోయింది

బైకు తాళం పోయినప్పుడు ఇల్లంతా బోర్లిస్తారు. అది కూడా నాతోనే వెతికిస్తారు.

రిటైర్డ్_మాస్టారు

కంగారు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆవిడే రాశారు, చూసిన చోటే మళ్ళీ చూశానని. పరీక్ష హాల్లో నేను వెయ్యిసార్లు చూశాను. తెలిసిన పిల్లే, జవాబు పేపరులో ఎదురుగా ఉన్న ప్రశ్న వదిలేసి బయటికొచ్చి ఏడుస్తుంది. అది తెలివి తక్కువై కాదు, కళ్ళు తక్కువై కాదు.

డల్లాస్_దోసె

మాస్టారూ, ఆ పిల్లని నేనే. ఇంటర్ మ్యాథ్స్, వెనక పేజీ తిప్పలేదు. నలభై ఏళ్ళొచ్చినా కలలో ఆ పేజీ వస్తుంది.

సీల_పోయింది

అప్‌డేట్. నిన్న సాయంత్రం అత్తయ్యకి చెప్పేశాను. తిట్టలేదు. మళ్ళీ టార్చి, మళ్ళీ చీకటి. ఈసారి మా ఆయన కూడా మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు (బొటనవేలి గోరు పోస్టు చదివించాను). దొరికినవి: సంక్రాంతి నుంచి కనపడని రిమోట్ బ్యాటరీ మూత, రెండు పిన్నీసులు, ఒక రూపాయి, మా వాడి పాలపన్ను. రాయి లేదు.

ఇవాళ కంసాలి దగ్గరికి వెళ్ళాను, ఇంకో రాయి పొదిగిద్దామని. ఆయన భూతద్దం పెట్టి చూసి, సూదితో ఆ గుంటలోంచి నల్లగా ఏదో గీకి కాగితం మీద పెట్టాడు. "ఇది నూనె జిడ్డు, కుంకుడు రసం గట్టిపడిందమ్మా. ఇంత పేరుకోవాలంటే తక్కువలో తక్కువ ఏడాది. ఈ రాయి మొన్న పోయింది కాదు" అన్నాడు.

పప్పుచారు

అంటే ఏడాదిగా ఆరు రాళ్ళతోనే...

సీల_పోయింది

రోజూ అద్దంలో చూసుకుంటూ, బొట్టు పెట్టుకుంటూ. నా ఒక్కదాని సంగతే కాదు. కంసాలి ఆ మాట అనగానే ఫోన్లో మా మరిది కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలు తీశాను. పోయినేడు మే నెల. పెద్దది చేసి చూస్తే ఆరే. ఆ ఫొటో మా హాల్లో ఫ్రేము కట్టించి ఉంది.

ఎక్స్‌రే_చీకటిగది

అంతకుముందు ఫొటోలు కూడా తీసి చూడండి, ఎప్పటి నుంచో తేలుతుంది. మేం చేసేదీ అదే, పాత ఫిల్ము పక్కన పెట్టుకోవడం.

జాతకాలు_వద్దు

@ఊరికే_చూస్తున్నా, మీకొక్కరికే ఎలా కనపడింది? వయసెంత మీకు? అంతర్ముఖులా?

ఊరికే_చూస్తున్నా

నగల కొట్లో లెక్కలు రాస్తాను.

లేటు_లతీఫ్

😂😂 స్వభావం అట, వయసు అట.

సీల_పోయింది

అత్తయ్య ఇప్పుడు నా కుడి చెవి దిద్దు తీయించి లెక్కపెడుతున్నారు. రెండుసార్లు లెక్కపెట్టారు. ఏడున్నాయట, మూడోసారి మొదలుపెట్టారు.